గూటి మీది తల్లి

(రేడియో ప్రసంగ పాఠము)

పని ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్న పెద్దలకు, వంట చేసుకుంటూనే చెవి ఇటు పెట్టిన తల్లులకు, ముఖ్యముగా చదువు పూర్తి చేసి మొదటి ఉద్యోగము కోసం పెట్టె సర్దుకుంటున్న యౌవనస్థులకు ఈ దినము నేనొక సంగతి చెప్పాలని ఆశపడుతున్నాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నా కళ్లెదుట జరిగినది. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. చివరి వరకు వినండి.

కొన్నేళ్ల క్రితం, ఒక ఆగస్టు నెలలో, కోనసీమలో ఉన్న మా అక్క నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, వీడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని సంతోషించాలో, వీడు చేస్తున్న పనికి ఏడవాలో తెలియడం లేదు" అన్నది. సంగతేమిటంటే, మా మేనల్లుడు ఉద్యోగములో చేరడానికి ఇంకా పది రోజులున్నవి. ఆ పది రోజుల్లో నాలుగు రోజులు అడవులూ రేవులూ తిరిగి పక్షులను, జంతువులను ఫొటోలు తీస్తానంటాడు. కాలేజీలో ఉండగా పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కెమెరా కొన్నాడు. దూరముగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే పెద్ద లెన్సు ఒకటి నాలుగు రోజులకు అద్దెకు తెచ్చాడు. మా బావ పోయిన తరువాత మా అక్క కుట్టుమిషను మీద వాణ్ణి చదివించింది. ఫీజుల కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. "రెండు జతల మంచి బట్టలు కొనుక్కోరా అంటే ఆ డబ్బు లెన్సు అద్దెకిచ్చాడు. వానల్లో, వరదల్లో ఒక్కడినీ పంపలేను. నువ్వు వెంట వెళ్లు" అన్నది.

నాకూ ఇష్టము లేదు. ఆదివారము ఆరాధన ఉన్నది, మోకాళ్ల నొప్పి ఉన్నది. అయినా అక్క మాట కాదనలేక బయలుదేరాను. దారిలో వాణ్ణి అడిగాను, "ఈ నాలుగు రోజులూ అమ్మ దగ్గర కూర్చోవచ్చు కదరా?" అని. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు, "మావయ్యా, నాన్న పోయినప్పటి నుంచి నాకు మనసు బాగుండనప్పుడల్లా చెరువు గట్టు మీద కూర్చుని పక్షులను చూసేవాణ్ణి. రేపటి నుంచి పొద్దున్న లేస్తే ఆఫీసు, రాత్రయితే గది. చూడటమనేది మరిచిపోతానేమోనని భయంగా ఉంది. ఒక్క మంచి ఫొటో తీసుకుంటాను. అది గోడకు పెట్టుకుంటే చాలు." ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది.

మొదటి దినము ధవళేశ్వరము వెళ్లాము. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ఆనకట్ట ముగించిన చోటు మీ అందరికీ తెలిసినదే. ఇప్పుడున్న బ్యారేజీ దాని తరువాత కట్టినది. అక్కడ నీటిమట్టము 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మేము వెళ్లిన నాడు మొదటి హెచ్చరిక అమలులో ఉన్నది. ఎర్రని నీరు చెట్ల మొదళ్లను కూడా మోసుకొని పోతున్నది. గేట్ల కింద నురగలో నీటికాకులు మునిగి లేస్తున్నవి. రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు పులస సంగతి చెప్పాడు. సముద్రములో ఇలస అనిపించుకున్న చేపే ఈ ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. ఎందుకు అంత కష్టపడి వస్తుంది? గుడ్లు పెట్టడానికి. మనము దాని రుచిని గురించి, ధరను గురించి మాట్లాడుకుంటాము గాని, అది ప్రసవానికి పుట్టింటికి వచ్చే తల్లి అని ఎంతమంది తలుస్తాము?

శ్రోతలారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన దేశములో చాలా జీవులకు వానకాలము పురిటి కాలము. నీరు వస్తే కప్పలు, నత్తలు, చిన్న చేపలు పెరుగుతవి. పిల్లలకు మేత దొరుకుతుంది గనుక అనేకమైన పక్షులు అప్పుడే గూళ్లు కట్టుకుంటవి. వానల్లో కెమెరా పట్టుకొని వెళ్లేవాడు తెలిసో తెలియకో పురిటింటి గుమ్మము ముందుకు వెళ్తున్నాడు.

రెండవ దినము కాకినాడ నుంచి యానాము వెళ్లే దారిలో కోరంగి మడ అడవులకు వెళ్లాము. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము. గోదావరి తెచ్చిన బురదలో, ఆటుపోట్ల ఉప్పునీటిలో బతికే చెట్లు అవి. బురదలో ఊపిరి ఆడదు గనుక కొన్ని చెట్లు వేళ్లను పైకి, మేకుల్లాగా, గాలిలోకి పంపుతవి. 1839లో వచ్చిన పెనుతుఫానులో కోరంగి రేవు సర్వనాశనమైనదని చరిత్ర చెబుతున్నది. అలాంటి తీరములో కెరటాలకు అడ్డముగా నిలబడేవి ఈ మడచెట్లే.

మావాడు అక్కడికి వచ్చినది నీటిపిల్లి కోసం. కొందరు బావురుపిల్లి అంటారు. ఇంటిపిల్లికి రెండింతలుండి, ఒంటి మీద మచ్చలతో, నీటిలో దిగి చేపలు పట్టే పిల్లి. రాత్రివేళ తిరిగేది. తెల్లవారక ముందు నుంచి మేము కాలువ గట్టున కూర్చున్నాము. వాన వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. కెమెరాకు ప్లాస్టిక్ సంచి చుట్టి, దాని మీద తన తువ్వాలు కప్పి, వాడు మాత్రము తడుస్తూ కూర్చున్నాడు. బురద మీద గెంతే చిన్న చేపలను చూశాము. ఒక నీటికుక్కల కుటుంబము ఈదుకుంటూ పోవడము చూశాము. వాడు కెమెరా తీసేలోపు అవి మలుపు తిరిగినవి. నీరు వెనక్కి తీసిన తరువాత బురదలో పిల్లి అడుగుజాడలు కనిపించినవి. తాజా జాడలు. పిల్లి మాత్రము కనిపించలేదు.

పడవ అతను నవ్వి అన్నాడు, "బాబూ, మీరు దాని కోసం వచ్చారు గాని, అది మీ కోసం రాదండి." నాకా మాట ఎంతో నచ్చినది. ఆ రాత్రే ఆదివారము ప్రసంగానికి వాడుకుందామని కాగితము మీద రాసుకున్నాను. చూడండి, మంచి మాటను రాసుకోవడము ఎంత తేలికో! మరునాడు మధ్యాహ్నానికి దానిని మరిచిపోయినవాణ్ణి నేనే.

మూడవ దినము ఒక పల్లెకు వెళ్లాము. ఆ ఊరి పేరు చెప్పను. చెరువు గట్టున పాత చింతచెట్లున్నవి. చెట్టు నిండా నత్తగుల్ల కొంగలు. మీరు పొలాల్లో చూసే ఉంటారు. తెల్లగా, రెక్కల అంచు నల్లగా ఉంటుంది. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. వరిచేలలో, చెరువుల్లో నత్తలను ఏరి తినేది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. వానలు పడగానే చేరి, పుల్లలతో గూళ్లు కట్టి, ఆడా మగా వంతులు వేసుకొని దాదాపు ఇరవై అయిదు రోజులు పొదుగుతవి. ఎండ కాసినా వాన కురిసినా పెద్ద పక్షి గూటి మీద నిలబడి, రెక్కలు గొడుగులాగా విప్పి పిల్లలను కాపాడుతుంది. మా వాడు ఉదయము నుంచి ఆ చెట్ల కిందే ఉన్నాడు. నేను గొడుగు పట్టుకొని పక్కన నిలబడ్డాను.

మధ్యాహ్నము దాటింది. వాన తెరిపిచ్చింది. తూర్పున నల్లటి మబ్బు, పడమట నుంచి ఒక్కసారిగా పసుపుపచ్చని వెలుగు. అంత అందమైన వెలుగును నేను మళ్లీ చూడలేదు. కాని పక్షులన్నీ గూళ్ల మీద కదలకుండా కూర్చున్నవి. "ఇప్పుడు ఒక్కసారి లేస్తే, మావయ్యా, ఆ నల్లమబ్బు మీద తెల్లటి రెక్కలు... ఇంకేమీ వద్దు నాకు" అన్నాడు. పది నిమిషాలు చూశాడు. వెలుగు తగ్గిపోతున్నది. నా మోకాళ్లు నొప్పులు. చివరి బస్సు పోతుందని నా భయము. అప్పుడు నేనన్నాను, "దానికేముందిరా, గట్టిగా నాలుగు చప్పట్లు కొడితే లేస్తాయి కదా. పని అయిపోతుంది."

వాడు నా వైపు చూశాడు. "తప్పు కదా మావయ్యా" అన్నాడు. నేను, "ఒక్క నిమిషమే కదా, మళ్లీ వచ్చి కూర్చుంటాయి" అన్నాను. వాడు కెమెరా సిద్ధముగా పట్టుకొన్నాడు. చప్పట్లు కొట్టినది నేను.

పక్షులన్నీ ఒక్కసారిగా లేచినవి. వాడు ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ఆ రెక్కల చప్పుడు తగ్గకముందే కాకులు వచ్చినవి. అవి ఎక్కడ కాచుకొని ఉన్నవో తెలియదు. ఖాళీ గూళ్ల మీద వాలి గుడ్లను పొడిచినవి. తల్లి కంగారుగా లేచిన తాకిడికో, భయానికో ఒక పిల్ల గూటి అంచు నుంచి జారి మా ముందు బురదలో పడింది. ఇంకా సరిగా ఈకలు రాని పిల్ల. రెండుసార్లు ముక్కు తెరిచి మూసింది. అంతే.

చెట్టు ఎదుట ఇంట్లో నుంచి ఒక పెద్దావిడ పరుగున వచ్చింది. కోపముగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ పిల్లను చేతిలోకి తీసుకొని, "ఎవరు బాబూ చప్పట్లు కొట్టింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా వాడు, "నేనే మామ్మగారూ" అన్నాడు.

శ్రోతలారా, అప్పుడు నేను మాట్లాడి ఉండవలసినది. "కాదమ్మా, నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను మాట్లాడలేదు. తెల్లచొక్కా వేసుకొని, చేతిలో గొడుగుతో, వయసులో పెద్దవాణ్ణి, వాక్యము చెప్పేవాణ్ణి, ఒక ఇరవై రెండేళ్ల కుర్రవాడి వెనుక దాక్కున్నాను. ఆవిడ ఒక్క మాట అన్నది: "పురిటికి వచ్చిన ఆడపిల్లలు బాబూ ఇవి. మా ఊరి మీద నమ్మకంతో వచ్చాయి." ఆ పిల్లను కొంగులో పెట్టుకొని వెళ్లిపోయింది.

ఆ రాత్రి బసలో ఇద్దరమూ అన్నము తినలేదు. ఫొటో చూశాము. చాలా గొప్పగా వచ్చింది. నల్లని మబ్బు, బంగారు వెలుగు, వందల రెక్కలు. ఏ పత్రిక వారైనా అట్ట మీద వేస్తారు. ఎవరైనా చూస్తే ఏమి కనిపిస్తుంది? అందము కనిపిస్తుంది. ఖాళీ గూళ్లు ఫొటో కింది భాగములో ఉన్నవి, ఎవరూ అటు చూడరు.

నిద్ర పట్టక నేను బైబిలు తెరిచాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. ఎన్నోసార్లు చదివి దాటిపోయినదే. దారిలో పక్షి గూడు కనబడి, తల్లి గుడ్ల మీద గాని పిల్లల మీద గాని కూర్చొని ఉంటే, పిల్లలతో పాటు తల్లిని పట్టుకోకూడదని దాని భావము. తల్లి పిల్లల దగ్గర నిలిచి ఉంటుంది గనుకనే చేతికి చిక్కుతుంది. ఆ ప్రేమను ఆసరా చేసుకొని దానిని పట్టుకోవద్దని నేను గ్రహించాను. ఆ ఆజ్ఞ చివర ఒక వాగ్దానము ఉన్నది. మేలు కలుగుననీ, దీర్ఘాయువు కలుగుననీ. ఆశ్చర్యమేమిటో తెలుసా? తలిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు ఏ వాగ్దానము ఉన్నదో, గూటి మీది తల్లిని గురించిన ఈ ఆజ్ఞకూ అదే ఉన్నది. ఇంట్లో కుట్టుమిషను మీద వంగి కూర్చున్న తల్లి, చింతకొమ్మ మీద రెక్కలు విప్పి నిలబడ్డ తల్లి, ఇద్దరూ ఆ మాటల్లో పక్కపక్కనే నిలబడ్డట్టు నాకు కనిపించినది.

మన దేశపు చట్టము కూడా ఇదే చెబుతున్నది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట అనే మాటకు ఇచ్చిన అర్థములోనే అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని, పాడుచేయడాన్ని చేర్చింది. తుపాకి పట్టుకొంటేనే వేటగాడు అనుకుంటాము. రెండు చేతులు చాలునని ఆనాడు నాకు తెలిసినది.

నాలుగవ దినము కొల్లేరు వెళ్లాలని మా ఏర్పాటు. ఆటపాకలో గూడబాతులున్నవని వాడు ఎంతో ఆశపడ్డాడు. ఆ గూడబాతులకు ఒక కథ ఉన్నది. 1946లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతములో, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర, వాటి గూళ్ల నెలవును కనుగొని లోకానికి తెలియజేశాడు. అప్పుడక్కడ సుమారు మూడు వేల గూడబాతులుండేవట. 1970ల మధ్యకు వచ్చేసరికి ఆ నెలవు ఖాళీ అయిపోయినది. ఒకసారి నమ్మకము పోయిన చోటికి అవి తిరిగి రావడానికి ఎన్ని సంవత్సరాలు కావాలో! తరువాతి కాలములో ఆటపాకలో అటవీశాఖ వారు నీటిలో ఇనుప మంచెలు నిలబెడితే వాటి మీద గూళ్లు కట్టుకుంటున్నవి. తమిళనాడులో వేట్టంగుడి పక్షుల కేంద్రము పక్కనే కొల్లుకుడిపట్టి అనే ఊరున్నది. పక్షులు బెదురుతాయని ఆ ఊరివారు దీపావళికి టపాకాయలు కాల్చరు. ఊరంతా పండుగ చప్పుడును మానుకుంటే, నేను నాలుగు చప్పట్లు మానుకోలేకపోయాను.

మేము ఆటపాక వెళ్లలేదు. ఆ పల్లెకే తిరిగి వెళ్లాము. పెద్దావిడ గుమ్మము ముందు నిలబడి నేను చెప్పాను, "అమ్మా, నిన్న చప్పట్లు కొట్టింది ఈ పిల్లవాడు కాదు, నేను. నిన్న చెప్పడానికి సిగ్గుపడ్డాను." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాకు తెలుసండి. పిల్లవాడి చేతుల్లో కెమెరా ఉంది కదా, చప్పట్లెలా కొడతాడు?" అన్నది. నేను తల వంచుకున్నాను. క్షమించానని ఆవిడ అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. అరుగు మీద చాప వేసి, "కూర్చోండి. కదలకుండా కూర్చుంటే అవే మిమ్మల్ని మరిచిపోతాయి" అన్నది.

సాయంత్రము వరకు కూర్చున్నాము. మళ్లీ వాన మొదలైనది. ఆ మసక వెలుతురులో, దగ్గరగా ఉన్న కొమ్మ మీద ఒక పక్షి గూటిపై నిలబడి రెక్కలు విప్పింది. దాని వీపు మీద నుంచి నీళ్లు కారుతున్నవి. రెక్కల కింద నుంచి మూడు చిన్న తలలు బయటికి చూస్తున్నవి. ఆ అరుగు మీద నుంచే, గూటి దగ్గరకు పోకుండా, వాడు ఒకే ఒక్క ఫొటో తీశాడు. వెలుతురు చాలక అది గరుకు గరుకుగా వచ్చింది. ఈ రోజున ఆ ఫొటో మా అక్క ఇంట్లో, కుట్టుమిషను పైన గోడకు ఉన్నది. మొదటి ఫొటోను వాడు చెరిపివేయలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండును. కాని యౌవనస్థులారా, మీ కోసం ఇంకొక్క మాట. వాడు ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరము ఒక రాత్రి నాకు ఫోను చేశాడు. వాళ్లు చేసే పనిని పరీక్షించి అంతా సరిగా ఉన్నదని సంతకము పెట్టే బాధ్యత వాడిది. గడువు దగ్గర పడింది. పరీక్షలు సగమే అయినవి. పైనున్నవారు, "మిగతావి అయినట్టే రాసెయ్, ఎవరు చూస్తారు" అన్నారట. వాడు ఫోనులో, "మావయ్యా, ఇక్కడా ఒకరు చప్పట్లు కొట్టమంటున్నారు" అన్నాడు. నేను, "నువ్వేమన్నావురా?" అని అడిగాను. "కూర్చుంటానన్నాను" అన్నాడు. పని వారము రోజులు ఆలస్యమైనది. ఆ ఏడు వాడికి జీతము పెరగలేదు. అప్పు తీరడానికి ఇంకొక సంవత్సరము పట్టింది. మా అక్కకు ఆ సంగతి వాడు చెప్పలేదు. ఈ ప్రసంగము వింటుంటే ఆమెకు ఇప్పుడే తెలుస్తుంది.

ప్రియులారా, కొండమీది ప్రసంగములో ప్రభువు పక్షులను చూపించి మన చింతను గురించి మాట్లాడాడు. ఆ మాటను మనము ఉద్యోగము లేనప్పుడు, డబ్బు లేనప్పుడు తలుచుకుంటాము. కాని చూడమన్నవాడు బెదరగొట్టి చూడమనలేదు. మన చింత ఎక్కువైనప్పుడే మన చేతులు చప్పట్లకు లేస్తవి. బస్సు పోతుందనే చింత, వెలుగు పోతుందనే చింత, గడువు పోతుందనే చింత. ఆ తొందరలో ఎవరి గూడు ఖాళీ అవుతున్నదో మనము చూడము.

మొదటి జీతము అందుకోబోతున్న నా కుమారులారా, కుమార్తెలారా, మీ పనిలోనూ వెలుగు తగ్గిపోయే సమయము వస్తుంది. నాబోటి పెద్దవాడే పక్కన నిలబడి "ఒక్క నిమిషమే కదా" అంటాడు. ఆ పెద్దవాణ్ణి గౌరవించండి, ఆ మాటను మాత్రము వినకండి. దొరకని ఫొటో దొరకకుండానే ఉండనివ్వండి. పెద్దలారా, మనము చేసిన తప్పుకు పిల్లలు ముందుకు వచ్చి నిలబడినప్పుడు, ఒక రాత్రి ఆలస్యముగానైనా సరే, తిరిగి వెళ్లి నిజము చెప్పుదాము. ఆ గుమ్మము దూరమైనది కాదు.

వానలు పడుతున్నవి. మీ ఊరి చెరువు గట్టున, గుడి వెనుక, బడి ఆవరణలో ఏ చెట్టు మీదనైనా గూళ్లుంటే, ఈ సాయంత్రము వెళ్లి దూరము నుంచి కాసేపు చూడండి. చప్పుడు చేయకండి. ఇంటికి వచ్చి మీ తల్లి దగ్గర కూర్చోండి.

వచ్చే వారము ఇదే సమయానికి మరల కలుసుకుందాము. అంతవరకు మీకందరికీ సమాధానము కలుగును గాక. సెలవు.